మళ్లీ తాత

"మళ్లీ ఒకసారి చూపించండి సార్."

వెనక బెంచీ నుంచి ఆ గొంతు వినగానే క్లాసంతా ఉసూరుమంది.

అరవై దాటిన మనిషి. పేరెవరూ అడగలేదు. రోజుకి పదిసార్లు 'మళ్లీ' అంటాడు కాబట్టి 'మళ్లీ తాత' అని పెట్టేశారు.

శిక్షణ ఇచ్చే సారు విసుక్కోకుండా పిపెట్ మళ్లీ చేతిలోకి తీసుకున్నాడు. చుక్కలో పదో వంతునైనా కొలిచి తీసే గొట్టం అది.

"మీట నొక్కితే మొదట ఒకచోట ఆగుతుంది. అక్కడిదాకా నొక్కి మందు పీల్చాలి. ఇంకా గట్టిగా నొక్కితే రెండోచోట ఆగుతుంది. అది పీల్చింది పూర్తిగా వదలడానికి."

"రెండోదాకా నొక్కి పీలిస్తే ఏమవుతుంది సార్?"

"ఎక్కువ వచ్చేస్తుంది. చేసిన పనంతా బూడిదలో పోసిన పన్నీరే."

మూడో బెంచీలో ఒకామె గబుక్కున తన పిపెట్ మీట మీద బొటనవేలు సడలించింది. వారం రోజులుగా ఆమె రెండోదాకా నొక్కే పీలుస్తోంది.

నూలు మిల్లులో ఆమెని 'మెరుపు' అనేవాళ్లు. తెగిన పోగుని రెప్పపాటులో అతికేది. మిల్లు మూతపడి ఏడాదైంది. ఇప్పుడు ఊరి చివర టీకాల కంపెనీ కడుతున్నారు. ఈ ఎనిమిది వారాల శిక్షణ పాసైతే అందులో ఉద్యోగం. ముప్పై అయిదేళ్లు దాటితే చేర్చుకోరు. ఆమెకి వచ్చే నెలలో దాటుతాయి. ఇది తప్పితే ఇంకో అవకాశం లేదు.

ఆమె భర్తకి ముప్పై ఎనిమిది. దరఖాస్తు తీసుకోకుండానే తిప్పి పంపారు.

మా ఆయనకి అడ్డొచ్చిన వయసు ఈ ముసలాయనకెందుకు అడ్డురాలేదని ఆమె కడుపుమంట.

క్లాసులో ఆమె ఒక్కచోట కుదురుగా ఉండదు. కాలు ఆడిస్తుంది, గడియారం చూస్తుంది, మిగిలిన పాఠాలు వేళ్ల మీద లెక్కేస్తుంది. తాత 'మళ్లీ' అన్నప్పుడల్లా తన ఉద్యోగం ఒక అడుగు వెనక్కి జరిగినట్టుంటుంది.

ఆ రోజు విరామంలో కుళాయి దగ్గర ఆయన్ని నిలదీసేసింది.

"తాతా, ఎన్నిసార్లు చెప్పినా మీకు ఎక్కదా?"

"ఏం చేయను తల్లీ. అడగందే అమ్మయినా పెట్టదంటారు."

"అయితే వెళ్లి అమ్మనే అడగండి. ఇక్కడ ముప్పైమంది బతుకులు మీ సందేహాల కింద నలుగుతున్నాయి. వయసు దాటిందని మా ఆయన్ని గుమ్మం కూడా ఎక్కనివ్వలేదు. మీరు ఎవరి కాళ్లు పట్టుకుని సీటు తెచ్చుకున్నారో గానీ, బుర్రకెక్కనప్పుడు లేచి వెళ్లొచ్చుగా."

చేతులు కడుక్కుంటున్నవాళ్లు ముసిముసిగా నవ్వుకున్నారు.

తాత మాత్రం ఆమెని తేరిపార చూశాడు.

"బాగా అడిగావు తల్లీ" అన్నాడు.

మర్నాడు వెనక బెంచీ ఖాళీ.

పాఠాలు పరుగెత్తాయి. ఆమెకి ప్రాణం లేచొచ్చింది. సాయంత్రం భర్తకి గొప్పగా చెప్పుకుంది.

"పెద్దాయన్ని అంత మాట అనకుండా ఉండాల్సింది" అన్నాడతను.

"మీ కోసమే కదా అన్నాను."

"నేనేమైనా అనమన్నానా?"

ఆమె గిన్నెలు ముందేసుకుని తోముతూ కూర్చుంది.

ఆఖరి వారం సారు ఒక పాఠం మధ్యలో ఆగాడు.

"ఇదంతా నీళ్లలాంటి పలచటి ద్రవాలకి. చిక్కటి వాటికి పద్ధతి వేరు. ఎవరికైనా సందేహాలున్నాయా?"

వేరంటే ఎలాగో ఆమెకి తెలియలేదు. తెలియలేదని పక్కావిడ మొహమూ చెబుతోంది.

కానీ మిల్లులో పదిహేనేళ్లు పనిచేసిన మనిషి. తెలియదన్నవాళ్లకి అక్కడ యంత్రం అప్పజెప్పరు. చూసి పట్టుకోవాలి తప్ప నోరు విప్పకూడదు. ఆ క్లాసులో చాలామంది ఆ మిల్లువాళ్లే.

సారు చూపు ఎందుకో ఆమె మీదే కాసేపు నిలిచింది. ఆమె తల వంచుకుని పుస్తకంలో ఏదో రాస్తున్నట్టు నటించింది.

"సరే అయితే" అని ఆయన పేజీ తిప్పేశాడు.

పరీక్షలో తేనెలాంటి ద్రవం పెట్టారు. పదిసార్లు పీల్చి త్రాసు మీద వదలాలి, పదిసార్లూ ఒకే తూకం రావాలి.

ఆమె మిల్లులో పోగులు అతికినంత వేగంగా చేసింది. తీసిన ప్రతిసారీ గొట్టం కొసన గాలి బుడగ. పదిసార్లకి పది తూకాలు.

ముప్పైమందిలో గట్టెక్కింది నలుగురు. ఆ నలుగురిలో ఆమె లేదు.

తిన్నగా సారు గదిలోకి వెళ్లింది. వచ్చేది ఏడుపో కోపమో ఆమెకే తెలియడం లేదు.

"చిక్కటిది ఎలా తీయాలో మాకు చెప్పనే లేదు కదా సార్."

"మెల్లగా పీల్చాలి. పైకెత్తే ముందు మూడు దాకా లెక్కపెట్టాలి. అంతేనమ్మా."

"ఆ ముక్క ఆ రోజే చెప్పొచ్చుగా?"

"చెప్పాల్సింది. తప్పు నాదే. ఎవరో ఒకరు అడుగుతారని ఆగడం అలవాటైపోయింది. మొదటి బ్యాచ్‌లో ఒక్కరూ నోరు విప్పలేదు, ముగ్గురే పాసయ్యారు. ఆ తర్వాత నుంచి మీరు సిగ్గుపడి మింగేసే ప్రశ్నలన్నీ వెనక కూర్చుని ఆయన అడిగేవారు."



"మరి ఆయన సీటు..."

"ఆయనకి సీటెక్కడిదమ్మా? ముప్పై ఏళ్లు టీకాలు తయారుచేసి, నాకీ గొట్టం పట్టుకోవడం నేర్పిన మా గురువు గారు, కుళాయి దగ్గర మాటలైన రోజు గుమ్మంలో చెప్పులేసుకుంటూ 'నన్నే అంత గట్టిగా నిలదీసిన పిల్ల ఉందిరా, ఇంక నేనెందుకు, అందరి బదులూ తనే అడుగుతుంది' అని సంబరపడుతూ వెళ్లిపోయారు."