డబ్బాల మీద పేర్లు

"అన్నా, గీ 'పాతది రెండు' ఫైల్ల ఏముంది?" అని కొత్తగా పనిలో చేరిన నిహారిక అడిగితే కమలాకర్ తల కూడా తిప్పలేదు.

"దాన్ని ముట్టకు. అండ్ల అంతా పాత చెత్తనే."

పచ్చి అబద్ధం. అందులో ఉన్నది థియేటర్ల వసూళ్ల లెక్క. వాళ్ల కంపెనీది బ్రౌజర్‌లో ఆడే సినిమా ఆట. ఆడేవాళ్లే నిర్మాతలై కథ కొని, హీరోని పెట్టుకుని, సినిమా విడుదల చేసి లాభమో నష్టమో తేల్చుకోవాలి. దాని కోడ్ అంతా కమలాకర్ ఒక్కడే రాశాడు, అదీ మొదట్లో ఒకే కుప్పగా.

యజమాని అనంతపద్మనాభం గారు ఒకప్పుడు ఫిలింనగర్‌లో ఎడిటరు. ఆయన కిందటి నెల ఇద్దరినీ పిలిచి, "రీళ్ల డబ్బాల మీద పేర్లు రాసుకునేవాళ్లం కదయ్యా, ఈ కోడ్‌ని అలా సర్దు. ఎవరు తెరిచినా అర్థమవ్వాలి. ఈ అమ్మాయికి అంతా నేర్పు," అన్నారు.

ఎవరు తెరిచినా! కమలాకర్ గుండెల్లో రాయి పడింది. బంజారాహిల్స్‌లో అతని పాత కంపెనీవాళ్లు కూడా ఇలాగే ఓ కుర్రాడికి పని నేర్పించమన్నారు, నేర్పించాక ఇతన్ని ఇంటికి పంపారు. ఏడాదిపాటు రహమత్ నగర్‌లో ఇల్లు గడిచింది భార్య మనోజ కుట్టుమిషను మీదే. మళ్లీ ఆ గతి పట్టనిస్తాడా?

అందుకే సర్దినట్టే సర్దాడు. కుప్పను ఫైళ్లుగా విడగొట్టి, జీతాల లెక్కకు 'పోస్టర్లు' అని పేరు పెట్టాడు. పోస్టర్ల ఫైల్లో టికెట్ల ధరలు దాచాడు. పాపం, నిహారిక ఎక్కడ చెయ్యి పెట్టినా ఆట ఆగిపోయేది.

"నాకే దిమాక్ లేదేమో అన్నా," అని ఒకరోజు కళ్లనీళ్లు పెట్టుకుంది. అతనికి జాలేసింది గానీ ఫైళ్ల పేర్లు మాత్రం మార్చలేదు.

శుక్రవారం యజమాని అతన్ని గదిలోకి పిలిచారు.

"ఎలా ఉందయ్యా ఆ అమ్మాయి?"

"పని రాదు సార్. ఎంత చెప్పినా ఎక్కుతలేదు."

"సరే, ఆ అమ్మాయిని రావద్దంటాలే. ఈ ఆట నువ్వే చూసుకో. నువ్వు లేకపోతే ఇది నడవదు."

నువ్వు లేకపోతే నడవదు! ఈ మాట కోసమే కదా ఇన్ని తిప్పలు పడింది! కమలాకర్‌కి ప్రాణం లేచొచ్చింది.

"మీరు ఫికర్ చేయకుండ్రి సార్. నేనున్న గదా."

అనంతపద్మనాభం గారు కళ్లజోడు తీసి నిట్టూర్చారు.

"ఆ అమ్మాయి ఈ పని అందుకునుంటే, దీన్ని తనకి వదిలేసి, మన కొత్త ఆటకి నిన్ను భాగస్వామిని చేద్దామనుకున్నానయ్యా."