రాజగురువుకి వకాల్తా

తెర పడింది. చప్పట్లు మాత్రం పడలేదు.

సెంగ్‌కాంగ్ కమ్యూనిటీ క్లబ్ హాల్లో ప్రవాస తెలుగువాళ్లంతా ముక్కులు ఎగబీలుస్తూ కూర్చున్నారు. తాతల నాటి విషాద నాటకం అది. రాజుగారిని ఒప్పించలేక, ఆయన కూతురూ, ఆమె ప్రేమించిన కుర్రాడూ రాజగురువును ఆశ్రయించారు. ఆయన రహస్యంగా పెళ్లి చేసి, చీకట్లో ఏరు దాటి పొమ్మన్నాడు. వరదొచ్చింది. పడవ మునిగింది.

రాజగురువు వేషం కట్టిన పరంధామయ్య గడ్డం ఊడదీసి దండం పెట్టబోతే, వెనక వరసలోంచి "ఛీ, పాపాత్ముడా!" అని వినిపించింది.

ఆయన భార్య భానుమతి చివాలున లేచింది.

"తప్పు రాజగురువుదా, రాజుదా? ఇక్కడే తేలాలి. విచారణ పెట్టండి! జడ్జిగా మాత్రం జగన్మోహనరావు అన్నయ్యగారే ఉండాలి."

హాలంతా ఘొల్లుమంది. మొగుణ్ణి తిడితే ఎంత రోషమొచ్చిందో చూడమని ఆడవాళ్లు ఒకరినొకరు మోచేత్తో పొడుచుకున్నారు.

జగన్మోహనరావుది జురాంగ్ ఐలాండ్‌లో కెమికల్ ప్లాంటు నడిపే పెద్ద ఉద్యోగం. ప్లాంట్‌లోనే కాదు, ఇంట్లోనూ ఆయన మాటకి ఎదురు లేదు. కాసేపు మొహమాటపడి, స్టేజీ మీది సింహాసనంలో కూర్చున్నాడు. ఎవరో కిరీటం కూడా పెట్టేశారు.

లా చదువుతున్న అనిరుధ్ ప్రాసిక్యూటరయ్యాడు.

"పిల్లలు నమ్మి వస్తే పేరెంట్స్‌తో మాట్లాడాలి కదా అంకుల్! సీక్రెట్‌గా పెళ్లి చేసేస్తారా? గిల్టీ, టోటల్లీ గిల్టీ!"

ఈలలు. భానుమతి చీర కుచ్చిళ్లు సర్దుకుని ముందుకొచ్చింది.

"ఆ పిల్ల ముందు తండ్రి దగ్గరికే వెళ్లింది బాబూ. ఆయన పేపర్లోంచి తలెత్తలేదు."

"రాజుకి పేపరేంటి ఆంటీ?"

"అదే... తాళపత్రం!" భానుమతి తడుముకుంది. జనం పొట్టలు పట్టుకుని నవ్వారు. "రాజుగారు తలుపేసుకుంటే గురువుగారు కిటికీ తెరిచారు. అంతే కదా! వరదని కూడా ఆయనే పిలిచాడా? అన్నయ్యగారూ, మీరే చెప్పండి. ఆ రాజు స్థానంలో మీరుంటే ఏం చేసేవారు?"

జగన్మోహనరావు ఛాతీ విరుచుకున్నాడు. ఆయనకి ఊపొచ్చేసింది.

"నేనా? ఇద్దర్నీ దగ్గరికి తీసుకుని దీవించేవాణ్ణి చెల్లెమ్మా! పిల్లల సంతోషం కన్నా మన పంతం ఎక్కువా? పైగా ఆ గురువుగారికి శాలువా కప్పేవాణ్ణి!"

"అందరూ విన్నారుగా?"

"విన్నాం!" ఫోన్లన్నీ గాల్లోకి లేచాయి.

"అయితే తీర్పు చెప్పేయండి."

జారిపోతున్న కిరీటాన్ని ఒక చేత్తో పట్టుకుని, రెండో చెయ్యి పైకెత్తి జగన్మోహనరావు గర్జించాడు.

"రాజగురువు నిర్దోషి!"

హాలు దద్దరిల్లింది. పరంధామయ్య మళ్లీ గడ్డం అతికించుకుని మరీ దండాలు పెట్టాడు.

భానుమతి సింహాసనం దగ్గరికి వెళ్లి, చేతులు జోడించి, ఒక్క గుక్కలో చెప్పేసింది: "అన్నయ్యగారూ, నిన్న రిజిస్టర్ పెళ్లి చేసుకున్న మీ అమ్మాయి తన్మయీ, మీ అల్లుడుగారూ బయట లిఫ్టు దగ్గర నిలబడి ఉన్నారు, చేసుకోమని సలహా ఇచ్చింది నేనే."