హంతకుడెవరో చెప్పిన ఆదివారం

మా లండన్ సినిమా హాల్లో ఒక కట్టుబాటు ఉంది. ఒక పెద్ద దర్శకుడి సస్పెన్స్ సినిమా ఆడుతుంటే, ముగింపు బయట ఎవరికీ చెప్పకూడదు. టార్చిలైటుతో జనానికి సీట్లు చూపించే నేను, ఇరవై ఏళ్లలో కట్టుకున్న మొగుడికి కూడా చెప్పలేదు. ఆ దర్శకుడి సినిమాలంటే మా ఆయన సిరిల్ పడి చస్తాడు.

ఈ చలికాలం ఆ దర్శకుడి కొత్త హత్య సినిమా మా హాల్లోకి వచ్చేసరికి సిరిల్ ఆసుపత్రిలో పడ్డాడు. బుధ, ఆదివారాల్లో మధ్యాహ్నం గంటసేపే చూడనిస్తారు. వెళ్లినప్పుడల్లా ఒకటే పాట.

"ఇవాళైనా చెప్పు హిల్డా. ఆ సినిమాలో ఆవిణ్ణి చంపిందెవరు?"

"లేచొచ్చి టికెట్టు కొనుక్కుని చూడు. ఊరికే వినేద్దామనా?"

"గయ్యాళిదానా" అని నవ్వేవాడు. నవ్వు దగ్గులో కలిసిపోయేది.

ఈ ఆదివారం డాక్టరు నన్ను వార్డు గుమ్మంలోనే ఆపాడు. ఆయన చెప్పింది విని, ముఖం తుడుచుకుని లోపలికి వెళ్లాను. కుర్చీ మంచం దగ్గరికి లాక్కుని, సిరిల్ అడక్కముందే మొదలుపెట్టాను. చంపింది సొంత చెల్లెలేనని, కత్తిని పియానోలో దాచిందని, చివరికి ఆ పియానో వాయించబోయే దొరికిపోయిందని, అంతా చెప్పేశాను.

అతను కళ్లు మూసుకుని విన్నాడు.

"నాకు తెలుసు హిల్డా. పక్కమంచం ముసలాయన మొదటి వారంలోనే చెప్పేశాడు."

"మరి వచ్చిన ప్రతిసారీ నన్నెందుకు అడిగావు?"

అతను నా చెయ్యి పట్టుకున్నాడు.

"లేచొచ్చి చూడమంటావుగా. ఆ మాట వినడానికి."