పొదలో బోర్డు

బల్ల మీద చలానా, పక్కనే ఫోటోలు. వ్యాను ఆసామి బొబ్బలెక్కిన చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

ఏడాదిలో ఇది మూడో చలానా. ఇదీ ఖాయమైతే లైసెన్సు రద్దు. బండి నడపలేనివాడికి పనిచ్చే నాథుడు లేడు. పొద్దున గుమ్మం దిగుతుంటే, లైసెన్సు లేకుండా ఇంటి ముఖం చూడొద్దని భార్య తేల్చి చెప్పింది.

“నో పార్కింగ్ బోర్డు దగ్గర బండి ఆపావు. ఇంకా వాదన ఏమిటయ్యా?” అన్నాడు విచారణాధికారి, ఆవులిస్తూ.

“నేను ఆపినప్పుడు అక్కడ బోర్డు లేదండీ. తర్వాత పాతారు. టీ తాగి వచ్చేసరికి అద్దం మీద చలానా ఉంది.”

అధికారి ఆవులింత సగంలో ఆగిపోయింది. ఆసామి అదే అదనుగా అందుకున్నాడు. భార్య ముందు వారం రోజులు వల్లె వేసిన వాదన మరి. అసలు అది బోర్డే కాదన్నాడు. రూలు ప్రకారం రోడ్డు వైపు తిరిగి ఉండాలి, ఇది గోడను చూస్తోంది. మనిషి తల కన్నా ఎత్తులో ఉండాలి, ఇది నడుం దాకా కూడా రాదు. గుంత తవ్వినవాడు ఎక్కడ ఆపాలో మరిచిపోయినట్టున్నాడు, స్తంభం సగానికి పైగా భూమిలోనే ఉంది. అదీ పొద మధ్యలో. కుక్కలకు తప్ప ఎవరికీ కనబడదు.

అధికారి ఫోటోలు చూశాడు. కళ్లజోడు తుడుచుకుని మళ్లీ చూశాడు. పొదలో బోర్డు ఎక్కడుందో కనిపెట్టడానికి ఆయనకు కాసేపు పట్టింది.

“ఇంత వీధి ఉండగా పొదలో పాతడమేమిటి?”

“పాతాల్సిన చోట నా బండి ఉందండీ.”

“బండి తియ్యమని నిన్ను అడగొచ్చుగా?”

“నన్నెవరూ అడగలేదండీ.”

ఆ మాటలో మాత్రం ఇసుమంత అబద్ధం లేదు.

అధికారికి ఒళ్లు మండింది. చలానా కొట్టేసి లైసెన్సు ఆసామి చేతిలో పెట్టాడు. ఆసామికి పోయిన ప్రాణం లేచొచ్చింది. భార్యకు చెబుదామని ఫోను తీశాడు గానీ, పెద్దాయన ముందు బాగుండదని మళ్లీ చొక్కా జేబులో వేసుకుని దణ్ణం పెట్టి కదలబోయాడు.

“ఆగవయ్యా. నీ ఎదురుగానే తేల్చేస్తాను” అంటూ అధికారి బోర్డుల కాంట్రాక్టరుకు ఫోను కలిపాడు. ఆ వీధిలో బోర్డు పాతిన దద్దమ్మ ఎవడో వాడికి ఈ క్షణమే ఫోను చేసి, రేపటి నుంచి పనిలోకి రావద్దని చెప్పమన్నాడు. కాంట్రాక్టరు చిత్తమన్నాడు.

అధికారి తృప్తిగా కుర్చీలో వెనక్కి వాలాడు. గదిలో ఫ్యాను చప్పుడు తప్ప మరేమీ వినబడలేదు.

అంతలో వ్యాను ఆసామి చొక్కా జేబులో ఫోను మోగింది.