హెడ్డుగారి పరీక్ష

“పౌరుడికి ఉండే ప్రాథమిక హక్కులేమిటి?” అని అడిగారు మాస్టారు.

హెడ్ కానిస్టేబుల్ పైకప్పు వైపు చూశాడు. “తిండి, బట్ట, సెలవు.”

“సెలవు ప్రాథమిక హక్కు కాదండీ.”

“అదీ సంగతి! అందుకే మాకు దొరకడం లేదు.”

మాస్టారు పకపకా నవ్వారు. ముప్పై ఏళ్ళు బడిలో పౌరశాస్త్రం చెప్పి రిటైరైన మనిషాయన. ఇలాంటి జవాబులు చాలానే విన్నారు. యూనిఫాంలో ఉన్న శిష్యుడు దొరకడం మాత్రం ఇదే మొదటిసారి.

హెడ్డుగారికి ఎల్లుండే ప్రమోషన్ పరీక్ష. ఇప్పటికి రెండుసార్లు తప్పాడు. రెండుసార్లూ రాజ్యాంగం పేపరే ముంచింది. ఈసారి కూడా పోతే ఇక వయసు దాటిపోతుంది. దానికైనా సర్దుకుపోయేవాడే. కానీ తనకంటే పదేళ్ళ తర్వాత ఉద్యోగంలో చేరిన సొంత బావమరిది కూడా ఇదే పరీక్ష రాస్తున్నాడు. వాడు గట్టెక్కి తను మునిగితే, రోజూ పొద్దున్నే లేచి వాడికి సెల్యూట్ కొట్టాలి.

అలాంటి సమయంలో మాస్టారు దొరకడం హెడ్డుగారి అదృష్టం. ఆ ఉదయం నాలుగు రోడ్ల కూడలిలో, మూసేసిన గ్రంథాలయం గురించి మాస్టారు గంటసేపు మాట్లాడారు. వినడానికి రోడ్డు నిండా జనం చేరారు. ఆ గొంతు సంగతి తెలిసి ఇన్‌స్పెక్టరుగారే జీపు పంపి, పదకొండు గంటలకల్లా ఆయన్ని స్టేషన్‌కి రప్పించారు. ఆ వెంటనే సిబ్బందినంతా వెంటేసుకుని మంత్రిగారి రెండు రోజుల పర్యటన బందోబస్తుకి వెళ్ళిపోయారు. ఇక మిగిలింది వీళ్ళిద్దరూ, కీచుమనే ఓ పాత ఫ్యానూ.

మాస్టారు నేల మీద చాప పరుచుకుని కూర్చున్నారు. హెడ్డుగారు కుర్చీలో కూర్చుని రెండు పేజీలు తిప్పాక, గురువు కిందా తను పైనా ఉన్నట్టు గమనించి నాలిక్కరుచుకున్నాడు. టోపీ తీసి పక్కన పెట్టి, ఆయనకి ఎదురుగా నేల మీదే బాసింపట్టు వేసుకున్నాడు.

గంట తిరిగేసరికి మాస్టారు ‘మీరు’ నుంచి ‘నువ్వు’కి దిగిపోయారు. హెడ్డుగారు అందుకు లోలోపల మురిసిపోయాడు.

“మనిషిని అరెస్టు చేస్తే ముందు ఏం చెయ్యాలి?”

“జీపెక్కించాలి.”

“ఎందుకు పట్టుకున్నావో చెప్పాలయ్యా! ఎవరికి చెప్పాలి?”

“మా ఇన్‌స్పెక్టరుగారికి.”

“నీ తలకాయ! ఆ మనిషికే.”

హెడ్డుగారు గబగబా రాసుకున్నాడు. మాస్టారు పుస్తకం వైపు చూడనే లేదు. ఒక్కో హక్కుకీ ఒక్కో మనిషిని మాటల్లోనే పట్టుకొచ్చి ఎదురుగా నిలబెట్టారు. సమానత్వానికి బస్సు నడిపే ఒకావిడ వచ్చింది. మాట్లాడే హక్కుకి పత్రికలో బొమ్మలేసే ఆయన వచ్చాడు. లాయరుని పెట్టుకునే హక్కు దగ్గరికొచ్చేసరికి, పోలీసులు తోపుడు బండితో సహా ఎత్తుకొచ్చిన పళ్ళ వ్యాపారి వచ్చాడు.

హెడ్డుగారి పెన్ను ఆగిపోయింది. ఇరవై ఆరేళ్ళ ఉద్యోగంలో తను జీపెక్కించిన వాళ్ళందరూ కళ్ళముందు వరసగా తిరిగారు. వాళ్ళలో ఎంతమందికి ఎందుకో చెప్పాడు?

మధ్యాహ్నం భార్య ఫోన్ చేసింది. “క్యారియర్‌లో ఇద్దరికీ పెట్టి పంపాను. ఫోనోసారి మాస్టారికివ్వండి,” అంది. హెడ్డుగారు చెయ్యి చాచి ఫోన్ అందించాడు.

“మాస్టారూ, మా తమ్ముడు ఆఫీసరైతే నాకు సంతోషమే. కానీ పండక్కో పబ్బానికో వాడు ఇంటికొస్తే, ఈయన గుమ్మంలో అటెన్షన్‌లో నిలబడటం నేను చూడలేను.”

“నీకా భయం అక్కర్లేదమ్మా. మీ ఆయన మొద్దేం కాదు. ఇన్నాళ్ళూ ఎవరూ అర్థమయ్యేట్టు చెప్పలేదంతే.”

పొద్దుగూకినా మాస్టారు ఇంటికెళ్తానని అననే లేదు. ఆ చాప మీదే నడుం వాల్చారు. హెడ్డుగారు బయట బెంచీ మీద, రాజ్యాంగం పుస్తకాన్నే తలగడ చేసుకుని పడుకున్నాడు.

తెల్లారింది. టీలు తాగారు. మళ్ళీ మొదటి నుంచీ పాఠం అందుకున్నారు. ఈసారి జవాబులు టకటకా వచ్చేస్తున్నాయి.

“ఎంతలోపు మేజిస్ట్రేటు ముందు హాజరు పరచాలి?”

“ఇరవై నాలుగు గంటల్లోపు! దారిలో పట్టే టైము కాకుండా!”

“శభాష్! ఇప్పుడు పుస్తకంలో లేనిదొకటి. మీ పై ఆఫీసరు, ‘ఎవడడుగుతాడులే, ఓ నాలుగు రోజులు అలా ఉంచెయ్’ అన్నాడనుకో. నువ్వేం చేస్తావు?”

హెడ్డుగారు తలెత్తాడు. గోడ గడియారం తొమ్మిది చూపిస్తోంది. పైన ఫ్యాను కీచుమంటోంది.

“పరీక్షలో ఏం రాస్తానో చెప్పమంటారా మాస్టారూ, నిజంగా ఏం చేస్తానో చెప్పమంటారా?”

“ఆ రెండూ ఒకటే అయితే నువ్వు పాసైనట్టే.”

హెడ్డుగారు పుస్తకం మూసి పక్కన పెట్టాడు. మీసాల కింద చిన్న నవ్వు మొదలై ముఖమంతా పాకింది.

“చీవాట్లు తినడం నాకేమైనా కొత్తా!” అంటూ లేచి టోపీ పెట్టుకున్నాడు.

ఆ తర్వాత జేబులోంచి తాళంచెవి తీసి, నిన్నటి నుంచీ తమ ఇద్దరి మధ్యా ఉన్న లాకప్ తలుపు బార్లా తెరిచి, “పదండి మాస్టారూ, మిమ్మల్ని మేజిస్ట్రేటుగారి ముందు హాజరు పరచడానికి నాకింకా రెండు గంటల టైముంది,” అన్నాడు.