టాస్‌కు ముందు

రిఫరీ మైదానం గేటు దగ్గరే ఆగిపోయాడు.

ఏడాది తర్వాత ఇక్కడికి రావడం ఇదే. వారమంతా బస్సు డిపోలో టైమ్‌కీపరు, ఆదివారం ఈ మైదానంలో ఫుట్‌బాల్ ఆటకు విజిలు. పదహారేళ్లు ఇలాగే గడిచాయి. ఓడిన జట్టు రిఫరీ కళ్లద్దాల మీద పడి ఏడవడం ఆదివారం ఆటల్లో మామూలే. కానీ ఇతను మాత్రం నిప్పులాంటి మనిషని పేరు. ఒక జట్టును మోసి ఇంకో జట్టును ముంచాడన్న మాట ఇంతవరకూ పడలేదు.

లీగు సెక్రటరీ ఎదురొచ్చి భుజం మీద చెయ్యేశాడు.

“కష్టంగా ఉంటే చెప్పు గురువా. ఇవాళ్టికి లైన్‌మన్ చేత ఆడించేస్తాను.”

“అక్కర్లేదు. నేనే చేస్తాను.”

“నిన్నెవరూ తప్పు పట్టలేదు. కమిటీ కూడా నీ తప్పేం లేదనే రాసింది.”

కమిటీ రాసిన మాట నిజమే. అతను రాసిచ్చిన కాగితం చూసి రాసింది. ‘తొమ్మిదో నంబరు ఆటగాడు దెబ్బ తగిలినట్టు నటిస్తున్నాడనుకుని ఆట ఆపలేదు.’ ఆ కాగితంలో ఉన్నది ఆ ఒక్క వాక్యమే.

పోయిన ఏడాది ఇక్కడే, బేకరీ జట్టు తొమ్మిదో నంబరు కుర్రాడు బంతి కోసం ఎగిరాడు. ఎదుటివాడి మోకాలు ఛాతీకి తగిలి కిందపడ్డాడు. రిఫరీ పది అడుగుల దూరంలో ఉన్నాడు. ఆడండని చేయి ఊపాడు. రిఫరీయే చేయి ఊపాక ఇంకెవరికి అనుమానం వస్తుంది? బంతి గీత దాటాక గానీ ఎవరూ ఆ కుర్రాడి దగ్గరికి వెళ్లలేదు. అప్పటికి మూడు నిమిషాలు గడిచాయి. ఆ మూడు నిమిషాలే ప్రాణం తీశాయని ఆస్పత్రిలో డాక్టరు అన్నాడు.

ఆ మాట అతన్ని వదల్లేదు. డిపోలో ఏ బస్సయినా మూడు నిమిషాలు ఆలస్యంగా వస్తే, రిజిస్టరులో ఆ అంకె వేయడానికి చెయ్యి రాక నాలుగని రాసేవాడు. డ్రైవర్లు గొడవపడేవాళ్లు. పడనీ అని ఊరుకునేవాడు.

ఆటకు ముందు మర్యాదలు ఈ లీగులో అతను పెట్టినవే. రెండు జట్లూ నంబర్ల వరసలో నిలబడాలి. రిఫరీ ఒక్కొక్కరితో చేయి కలిపి, గోళ్లు చూసి, బూట్ల అడుగు చూడాలి. చివర్లో “ఏమైనా అడగాలా?” అనాలి. టాస్‌కు ముందు ఏమడిగినా, ఎవరడిగినా, దాచకుండా జవాబు చెప్పాలి. టాస్ పడ్డాక నోరెత్తితే మాత్రం పసుపు కార్డే.

తొమ్మిదో నంబరు గోళ్లు రెండుసార్లు చూసేవాడు. ఒకసారి చిటికెన వేలి గోరు పెరిగిందని గీత బయట నిలబెట్టి, కత్తిరించుకొచ్చాకే రానిచ్చాడు. మిగతావాళ్లు నవ్వారు. ఆ కుర్రాడు మాత్రం “సారీ సార్” అని, వచ్చే నవ్వును పంటిబిగువున ఆపుకున్నాడు.

ఇవాళ ప్రింటింగ్ ప్రెస్సు జట్టుతో చేతులు కలపడం సాఫీగానే జరిగింది. బేకరీ జట్టు వైపు తిరిగేసరికి అరచేతులు చెమటపట్టాయి. ఎవరైనా చేయి వెనక్కి లాక్కుంటారేమోనని భయం. ఎవరూ లాక్కోలేదు. ఆరు. ఏడు. ఎనిమిది. ఎనిమిదికీ పదికీ మధ్య ఒక మనిషి పట్టేంత జాగా వదిలారు.

అతను పక్కకు జరిగి ఆ జాగాలోకి చేయి చాపాడు. అలవాటు. చాపాక తెలిసింది. తెలిశాక వెనక్కి తీసుకోలేకపోయాడు. ఎండ మండిపోతున్నా వేళ్లు చల్లబడ్డాయి. ఎవరో పట్టుకున్నట్టే ఉంది. గోళ్లు చూస్తున్నవాడిలా తల వంచుకుని అలాగే ఉండిపోయాడు. పదో నంబరు ముఖం పక్కకు తిప్పుకున్నాడు.

బేకరీ జట్టు కెప్టెన్ వచ్చి ఆ చేతిని మెల్లగా కిందికి దించాడు. పొయ్యి దగ్గర పనిచేసే మనిషి, మోచేతిదాకా కాలిన మచ్చలు.

“ఏమైనా అడగాలా?” అన్నాడు రిఫరీ.

“మాకేం లేవు సార్. అమ్మ అడుగుతానంటోంది.”

అప్పుడు చూశాడు. గీత అవతల బెంచీ మీద తొమ్మిదో నంబరు తల్లి కూర్చుని ఉంది. కొడుకు పడిపోతే చూడలేనని ఏనాడూ ఆటకు రాని మనిషి. వస్తున్నట్టు అతనికి తెలియదు. ఆమె లేచి, చేతిసంచి బెంచీ మీదే వదిలి, లోపలికి నడిచి వచ్చింది. రెండు జట్లూ దారి ఇచ్చాయి.

“ఇక్కడ అడిగితే జవాబు చెప్పి తీరాలట కదా,” అంది.

అతను తలూపాడు.

“నటిస్తున్నాడనుకున్నానని రాశారు. చిన్న అబద్ధం ఆడితేనే వాడికి చెవులు ఎర్రబడేవి. నటించడం వాడి వల్ల అవుతుందా?”

“అవదు.”

“ఆ సంగతి ఆరోజు తెలుసా, తెలీదా?”

“తెలుసు.”

సెక్రటరీ కంగారుగా ముందుకొచ్చాడు. కెప్టెన్ చేయి అడ్డం పెట్టాడు.

“నటన కాదని మీకు తెలుసు. పది అడుగుల దూరం. విజిలు నోట్లోనే ఉంది.” ఆమె గొంతు పెంచలేదు. తిట్టినా బాగుండుననిపించింది అతనికి. “మరెందుకు ఊదలేదు?”

ఏడాదిగా ఆ ప్రశ్న అతని వెనకే తిరుగుతోంది, డిపోలో, దారిలో, కన్ను మూతపడితే నిద్రలో. ఇంకెక్కడ అడిగినా నీళ్లు నమిలేవాడే. ఇక్కడ తప్పించుకునే దారి లేదు. ఆ దారి మూసింది తనే.

ఆమె కళ్లలోకి చూశాడు.

“ఊదితే, కన్నకొడుకని ఊదాడంటారేమోనని భయపడ్డానే,” అన్నాడు.