సూర్యుడి పక్కింట్లో గురుడు

"మూఢంల లగ్గమా? నేను బతికుండంగ కాదు," అని రాజమ్మ ఒక్క మాటతో తేల్చేసింది.

ఎదురుగా కూర్చున్న పెళ్ళికొడుకు అరుణ్‌కుమార్ మంచినీళ్ళ గ్లాసు పట్టుకుని అలాగే ఉండిపోయాడు. మన్సూరాబాద్‌లోని ఆ ఇంటి పిల్ల, రాజమ్మ మనవరాలు సుప్రియతో అతని పెళ్ళి శనివారం. పందిరి గుంజలు కూడా దిగాయి. అంతలో గురువారం పొద్దున టీవీలో చెప్పేశారు, శనివారం తెలంగాణ బంద్ అని. బడంగ్‌పేట్ నుంచి మగపెళ్ళివారి బస్సు రాదు. వంటవాళ్ళు రారు. ఫంక్షన్ హాలాయన తాళమే తీయనన్నాడు. శుక్రవారం మంచిరోజు కాదు, ఆదివారం నుంచి నెల రోజులు గురుమూఢం. పురోహితుడు భానుమూర్తి పంచాంగాన్ని అటూ ఇటూ తిరగేసి, ముందు నుయ్యి వెనక గొయ్యి అయితే తానేం చేయగలనని నిట్టూర్చాడు.

నెల ఆగితే ఏం పోతుందని మీరు అడగవచ్చు. పెళ్ళికొడుకే పోతాడు. కొత్త గ్రహాలను వెతకడం అతని ఉద్యోగం. వచ్చే శుక్రవారానికల్లా లడాఖ్ కొండల్లో ఓ పెద్ద దుర్భిణి దగ్గర చేరాలి. చేరితే ఏడాది దాకా సెలవు లేదు. పెళ్ళయితే వెంట వెళ్ళవచ్చని సుప్రియ, ఎండలు ముదురుతున్న ఈ రోజుల్లో, దిల్‌సుఖ్‌నగర్‌లో దుకాణం దుకాణం తిరిగి రెండు ఉన్ని కోట్లు కొని పెట్టుకుంది. ఇప్పుడు వాటిని ఒళ్ళో పెట్టుకుని వంటింటి గడప దగ్గర కూర్చుంది. ఆ పిల్ల మొహం చూస్తే ఎవరికైనా జాలేస్తుంది. వాళ్ళ నాన్న నరేష్‌కుమార్‌కూ వేసింది. కానీ తల్లి మాటకు ఎదురు చెప్పడం ఆయన పుట్టి ఎరగడు. అందుకే, మూఢమైనా సోమవారం చేసేద్దామని అడగడానికి కాబోయే అల్లుణ్ణి ముందుకు తోశాడు.

అరుణ్‌కుమార్ గ్లాసు కింద పెట్టి గొంతు సవరించుకున్నాడు. మూఢమంటే గురుగ్రహానికేదో జబ్బు చేయడం కాదనీ, మనం చూసేవైపు నుంచి సూర్యుడికి దగ్గరగా వచ్చి ఆ వెలుగులో కనబడకుండా పోవడమేననీ చెప్పాడు. ముసలావిడ బుద్ధిగా వింది. దాంతో అతనికి హుషారొచ్చి, తాను వెతికే గ్రహాల సంగతికి దిగాడు. ఎక్కడో దూరాన వేరే సూర్యుళ్ళ దగ్గరున్నా, అవీ మన గురుడిలాగే వాయువులతో నిండిన భారీ గ్రహాలు. కానీ తమ సూర్యుణ్ణి విడవకుండా, పక్కింట్లో కాపురం పెట్టినట్టు అక్కడక్కడే తిరుగుతాయి. మన గురుడు సూర్యుణ్ణి ఒక్క చుట్టు చుట్టడానికి పన్నెండేళ్ళు పడితే, వాటిలో కొన్నింటికి నాలుగు రోజులు చాలు.

"అంత దగ్గరున్నా గా గ్రహాలకేం కాలేదు నానమ్మా," అన్నాడు. "ఆ వేడికి ఉబ్బి ఇంకింత పెద్దగయినయి."

రాజమ్మ వెంటనే అడిగింది, "అంటే ఆడ ఎప్పటికీ మూఢమేనా?"

"ఎప్పటికీ మూఢమే," అన్నాడు అరుణ్‌కుమార్, గెలిచేశాననుకుని.

"మనుషులున్నరా ఆడ?"

"లేరు. ఇనుం గూడ కరిగే వేడి. ఎట్లుంటరు?"

"పెండ్లిళ్ళే గాకపాయె. ఇగ మనుషులు ఎక్కడికెల్లి ఒస్తరు?" అంది రాజమ్మ.

భానుమూర్తి పంచాంగం అడ్డం పెట్టుకుని నవ్వాడు. నరేష్‌కుమార్ ఏదో పనున్నట్టు వాకిట్లోకి వెళ్ళి నవ్వాడు. సుప్రియకు ఏడుపు మధ్యలో నవ్వొచ్చింది, వచ్చినందుకు తన మీద తనకే కోపమొచ్చింది. ఆరేళ్ళు పరిశోధన చేసిన అరుణ్‌కుమార్ మాత్రం మళ్ళీ మంచినీళ్ళ గ్లాసు అందుకున్నాడు.

ఎల్బీనగర్‌లోని తెలంగాణ దీక్షా శిబిరం నుంచి రాజమ్మ భర్త హనుమాండ్లు అప్పుడే ఇంటికొచ్చాడు. పోచంపల్లిలో నలభై ఏళ్ళు మగ్గం ముందు కూర్చున్న మనిషి, ఇప్పుడు నెలా పదిహేను రోజులుగా శిబిరంలో కూర్చుంటున్నాడు. సుప్రియ లేచి వెళ్ళి ఆయన చేయి పట్టుకుంది. ఒక్క బస్సు వదలమని నువ్వు చెబితే వినరా తాతా అని అడిగింది.

"గీ బందుకు అందరికన్న ముందు చేయెత్తింది నేనే బిడ్డా. మా ఇంటి బస్సుకు తొవ్వ ఇడిస్తే, రేపు నలుగుర్ల తలెత్తుకుని ఎట్ల కూసుంట?"

ఆ మాట అన్నాడే గానీ ఆయనకూ ప్రాణం ఉసూరుమంది. బంద్ ఏ రోజో తేలకముందే తాను ఎత్తిన చేయి మనవరాలి మెడలో పడాల్సిన పుస్తెలకే అడ్డమొస్తుందని పాపం ఆయన అనుకోలేదు. గోడకు ఆనుకుని కూర్చుని, ఇంతకీ సోమవారం చేస్తే వచ్చే నష్టమేమిటని భార్యను అడిగాడు.

రాజమ్మకు ఒళ్ళు మండింది. మూఢంలో ముడి పడితే ఆ సంసారం మూడు నాళ్ళు కూడా నిలవదని చెప్పింది. అప్పటికీ అందరూ బెల్లం కొట్టిన రాయిలా చూస్తుంటే, తన కాపురాన్నే సాక్ష్యానికి పిలిచింది.

"మమ్ముల జూడుండ్రి. యాభై ఎనిమిదేండ్లాయె. ఒక్కనాడన్న ఇంట్ల గంజికి కరువొచ్చిందా? ఒక్క దినమన్న ఇడిసి ఉన్నమా? అప్పటి అయ్యగారు గట్టి ముహూర్తం పెట్టబట్టి గద."

ఇక అయిపోయిందని భానుమూర్తి పంచాంగం సంచిలో పెట్టేసుకున్నాడు. అరుణ్‌కుమార్ చెప్పుల కోసం చూశాడు. సుప్రియ కోట్లను మడతపెట్టడం మొదలుపెట్టింది.

హనుమాండ్లు మనవరాలి చేతుల్లోని కోట్ల వంక చూశాడు, పెళ్ళాం వంక చూశాడు. తర్వాత తల వంచుకుని, పెళ్ళినాటి పిల్లవాడిలా సిగ్గుపడుతూ అన్నాడు:

"మనదీ మూఢంలనే అయింది రాజమ్మా, నిన్ను జూసినంక నెలరోజులు ఆగబుద్ధిగాక, అయ్యగారికి పట్టుపంచె నేసిచ్చి ఎవలకూ చెప్పొద్దన్న."